చెయ్యి లేపే దిష్టిబొమ్మ

ఏమయ్యా ప్రసన్నకుమారూ, నిన్నెవ్వడు బోల్తా కొట్టియ్యలేడని మెడ సాగదీస్తున్నవు. మొన్న మూసారాంబాగ్ల పైన మంచియి, కింద కుళ్లినయి మామిడిపండ్లు మోసుకొచ్చింది ఎవరు? సరే, కూసో. సరూర్‌నగర్ భిక్షపతి సంగతి జెప్త. ఆయన గూడ నీ లెక్కనే అనుకున్నడు.

భిక్షపతి పని దిష్టిబొమ్మలు కట్టుడు. ఎల్బీనగర్ దిక్కు కొత్త బిల్డింగ్ లేస్తే చాలు, పాత ప్యాంటు షర్టుల గడ్డి కుక్కి, కుండకు మీసాలు గీసి నిలబెడ్తడు. పని కంటె చేష్టలెక్కువ. ఒకపారి బొమ్మ చేతికి నల్లతాడు కట్టి, రెండో కొసకు రేకుముక్క ఏలాడదీసిండు. గాలి గొడ్తె రేకు ఊగుతది, చెయ్యి లేస్తది. కింద పాలాయన వారం దాక ఆ బొమ్మకు నమస్తే పెట్టిండు. అది చూసి పడిపడి నవ్వినోడు చెల్లె కొడుకు మధు.

ఆ మధు ఇప్పుడు సరుకుల షిప్ల పనిజేస్తున్నడు. ఒకనాడు ఫోన్ చేసిండు.

"మామా, ముంగట దొంగలు తిరిగే సముద్రం. చిన్న పడవల మీద తుపాకులు పట్టుకొని ఒస్తరు, షిప్ ఎక్కి మనుషులను పట్టుకపోతరు. మేం చుట్టు ముండ్లతీగ కట్టినం, లోపల దాసుకునేందుకు ఇనుపతలుపుల గది తయారు పెట్టినం. యాడున్నమో తెల్వకుండ సిగ్నల్ బంద్, ఫోన్లు గూడ బంద్. దాటినంక నేనే చేస్త. అమ్మకు చెప్పకు, తట్టుకోదు."

భిక్షపతికి పరాచికం నోటికి రాలే. సరేరా అన్నడు, అంతే.

చెల్లె తిరుపతమ్మ చైతన్యపురిల హాస్టల్ మెస్ నడుపుతది. తెల్లారి పొయ్యి కాడికి పోయిండు.

"మధు ఫోన్ చేసిండే. నీకు కలుస్తలేదట."

"ఏమంటుండన్నా?"

"షిప్ల పప్పు నీళ్ల లెక్క ఉన్నదట. గాలమేస్తే గింజ దొరుకుతదట."

తిరుపతమ్మ నవ్వింది. పళ్లెంల అన్నం పెట్టి ముంగట జరిపింది. "తిను. తినుకుంట చెప్పు."

ఇగ అది రోజు పనైంది. వంటాయనకు మీసం కాలిందని ఒకనాడు, కెప్టెన్ నిద్రల పాటలు పాడుతడని ఒకనాడు. చెల్లె నవ్వుతది, ఈయన తింటడు. ఎంత అమాయకురాలు నా చెల్లె అనుకుంట బయటకొచ్చి, మెట్రో పిల్లర్ కింద నిలబడి కండ్లు తుడుసుకుంటడు.

ఇంటికాడ బొమ్మ కడుదామని పాతబట్టల మూట ఇప్పితే మధు నీలం షర్టు చేతికొచ్చింది. అండ్ల గడ్డి కుక్క చేతులు రాలే. మడతపెట్టి దేవుని గూట్ల పెట్టిండు. ఆ దినం పని బంద్.

ఒక మధ్యాహ్నం భిక్షపతి మెస్ల తింటుండంగ తిరుపతమ్మ ఫోన్ మోగింది. చెయ్యి పిండిల ఉన్నదని స్పీకర్ల పెట్టింది.

"అమ్మా, దాటినం." అన్నడు మధు. "రెండు పడవలొచ్చినయ్. సైరన్ గొట్టంగనె అందరం ఇనుపగదిల దాసుకున్నం. పైన ఉన్నయి బొమ్మలే, మా డ్రెస్సులేసి నిలబెట్టినయి. నువ్వు చెప్పినట్టే, మామ బొమ్మ లెక్క చేతులకు తాడు గట్టి బరువులు ఏలాడదీసినం. షిప్ ఊగినప్పుడల్ల చేతులు లేసినయ్. గింతమంది కావలున్నరనుకొని మర్లిపోయిండ్రు. కెమెరాల చూసినం."

భిక్షపతి చేతిల ముద్ద పళ్లెంల పెట్టిండు. చెల్లె దిక్కు చూసిండు.

"నువ్వు చెప్పినట్టేనా?"

"ఫోన్లు బంద్ గాకముందు నాకు గూడ చెప్పిండన్నా," అన్నది తిరుపతమ్మ, కొంగుతోటి మొఖం తుడుసుకుంట. "మామకు చెప్పకు, తట్టుకోడు అన్నడు."

"మరి రోజు నా కథలకు నవ్వితివి గదనే?"

"నవ్వకుంటే నువ్వు అన్నం ముడ్తవా?"