వెనక సీటు సరుకు

కారును ఓడ ఎక్కించమని నా దగ్గరకు వచ్చే ప్రతివారినీ ముందుగా నేను అడిగే ప్రశ్న ఒకటే. "బండి ఖాళీయేనా?"

అందరూ ఖాళీ అనే అంటారు. డిక్కీ తెరిస్తే బియ్యం బస్తాలు, కుట్టుమిషన్లు, ఒకసారి కాళ్ళు కట్టేసిన మేక కూడా బయటపడ్డాయి. నా యార్డు సెబు రేవు పక్కనే. ఇక్కడి నుంచి బండ్లను బోహోల్, మిందనావో దీవులకు, మనీలాకు, అప్పుడప్పుడు దేశం దాటించి గువామ్, పలావు దీవులకు పంపుతాను. ఓడలో బండి ఖాళీగా ఉండాలన్నది నియమం. లోపల సరుకుంటే అలల ఊపుకి దొర్లుతుంది, అద్దం పగులుతుంది, నింద నా మీద పడుతుంది. అందుకే నేను మనిషి మాట వినను, చక్రం పైనున్న సందు చూస్తాను. బరువు లేనిదే బండి కుంగదు. వ్యాపారం నాకు నేర్పింది ఇదే. బతుక్కి కూడా ఈ లెక్క చాలనుకునేదాన్ని.

ఎలిసియో సుమాలినోగ్ బండి మనీలా ఓడలోంచి దిగిన పొద్దున, కుడివైపు వెనక చక్రం మీద కుంగి ఉంది.

"పాసియో, లోపల ఏం దాచారో చూడు," అన్నాను. యార్డులో బండ్లు తోలేది, కట్లు బిగించేది పాసియోనే. నాకన్నా ముసలివాడైనా అందరిలాగే నన్ను మనాంగ్, అంటే అక్క, అంటాడు.

"ఏం లేదు మనాంగ్ సేరియా. డిక్కీ చూశా, సీట్ల కింద చూశా. తెగిన చెప్పు కూడా లేదు."

"స్ప్రింగు పోయిందేమో."

"స్ప్రింగు నా మోకాళ్ళకన్నా నయంగా ఉంది." పాసియో ఎడమవైపు చెయ్యేసి ఊపాడు. బండి ఎగిరింది. కుడివైపు వెళ్ళి ఊపాడు. కదల్లేదు. "భోజనం దగ్గర కూర్చున్న మా బావమరిదిలా ఉంది. లేవమన్నా లేవదు."

నవ్వాను కానీ వెనక తలుపు నేనే తెరిచి చూశాను. సీటు మెత్త ఒకచోట లోపలికి నొక్కుకుని ఉంది. చేత్తో తట్టి పైకి లేపాను. చెయ్యి తీయగానే మళ్ళీ నొక్కుకుంది.

ఎలిసియోది బోహోల్‌లో తగ్బిలారన్. మనీలాలో కారు అద్దెకు తోలేవాడు. బాకీ తీరి బండి సొంతమైన ఏడాదే, ఒక మధ్యాహ్నం అన్నం తిని వెనక సీట్లో కునుకు తీసి, మరి లేవలేదు. తుఫాను వల్ల పడవలు ఆగిపోయి భార్య రోసెందా వెళ్ళలేకపోయింది. తమ్ముడు రోదెల్ అక్కడే ఖననం చేయించి, బండిని వదిన పేరున నాకు పంపాడు. రోసెందాకు మిగిలింది ఆ బండి, ఏడేళ్ళ కూతురు జోవీ. బండిని తన తమ్ముడి చేత తోలించుకుని బతకాలని ఆమె ఆశ.

మధ్యాహ్నం ఆమె ఫోన్ చేసింది.

"బండి వచ్చిందా మనాంగ్?"

"వచ్చింది. రేపటి ఓడకి ఎక్కిస్తా."

"వద్దు! మీకు దణ్ణం పెడతా, బోహోల్‌కి పంపొద్దు. రోదెల్ ఇప్పుడే నోరు జారాడు. శ్మశానం నుంచి తిన్నగా రేవుకే తోలాడంట. ఓడ వెళ్ళిపోతుందని ఎక్కడా ఆగలేదంట."

నా చేతిలో ఫోన్ బరువెక్కింది. చావింటి నుంచి గానీ, శ్మశానం నుంచి గానీ మాలో ఎవరూ నేరుగా ఇంటికి వెళ్ళరు. దారిలో ఎక్కడో ఒకచోట ఆగుతారు. టీ అయినా తాగుతారు, అంగడిలో నాలుగు అడుగులైనా వేస్తారు. వెంట వచ్చిన ఆత్మ ఆ జనంలో తప్పిపోతుంది. దాన్ని మేము దులుపుకోవడం అంటాం. కోట్లున్నవాడైనా ఆగుతాడు, అయిదు నిమిషాల దూరంలో ఇల్లున్నా ఆగుతాడు. అలా ఆగకుండా ఓడ ఎక్కిన బండి అది.

"నాకేమైనా ఫర్వాలేదు," అంది రోసెందా. "జోవీ నిన్నటి నుంచి ఆదివారం గౌను వేసుకుని గడపలో కూర్చుంది. నాన్న సెబు దాకా వచ్చాడంటోంది. బండి వస్తున్నట్టు నేను దానికి చెప్పనే లేదు మనాంగ్. సొంత బండిలో వచ్చి షికారు తిప్పుతానని ఆయన దానికి మాటిచ్చాడు. పోయినవాళ్ళ షికారు ఎక్కడికో మీకు తెలీదా?"

తెలుసు. తోడు తీసుకుపోతారు.

నేను వ్యాపారస్తురాలిని. ఏ చిక్కు వచ్చినా నా అంగట్లో ఉన్న సరుకుతోనే విప్పాలని చూస్తాను. ఇంటికి కాకుండా వేరేచోట ఆపాలి, అంతే కదా. నా దగ్గర ఉన్నవన్నీ వేరే చోట్లే. "బండిని కగయాన్‌కి, అక్కణ్ణుంచి జాంబోవాంగాకి తిప్పి తెస్తాను. ఏదో ఒక రేవులో దిగిపోతాడు," అన్నాను. ఆమె ఏడుస్తూ సరేనంది. దాన్ని మించిన ఉపాయం మా ఇద్దరికీ తోచలేదు.

కగయాన్ రేవులో మా మనిషి ఫోన్ చేశాడు. "మనాంగ్, బండితో పాటు ఎవర్నో పంపావు, టికెట్ తీయలేదు." వాడు పరాచికం ఆడుతున్నాడనే అనుకున్నాను. జాంబోవాంగాలోని ఏజెంటుకు పరాచికాలు తెలియవు. "మా యార్డు కుక్క రెండ్రోజులుగా ఆ బండి పక్కనుంచి లేవట్లేదు. వెనక తలుపు కేసి చూస్తూ తోక ఊపుతోంది. ఎవరో ఏదో పెడతారన్నట్టు. త్వరగా తీసుకెళ్ళిపో," అన్నాడు.

బండి తిరిగొచ్చింది. కుడివైపు అంతే కుంగి ఉంది.

దాని ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చుని ఆలోచించాను. సరుకు దానంతటది దిగదు. దించే మనిషి ఉండాలి. ప్రతి రేవులోనూ ఎవడో కూలివాడు బండిని పెట్టాల్సిన చోట పెట్టి, తాళం వేసి తన దారిన పోయాడు. అందులోంచి ఎవరూ ఇంటి మనిషిలా దిగి జనంలోకి నడవలేదు. మరి అతను ఎవరి వెంట దిగుతాడు? బతికున్నవాళ్ళు దిగితేనే పోయినవాళ్ళు దిగుతారు. అన్నేళ్ళు బండ్లు పంపిన నాకు ఆ చిన్న సంగతి తట్టలేదు.

రోసెందాను రమ్మన్నాను. పాపను అమ్మమ్మ దగ్గర వదిలి, పొద్దుటి పడవకు వచ్చింది. సన్నటి మనిషి. బండిని చూసి ముట్టుకోబోయి చెయ్యి వెనక్కి తీసుకుంది.

"బాగా తుడిచేవాడు," అంది.

"పేరు పలకొద్దు. వీడ్కోలు చెప్పొద్దు. ఏడవొద్దు. అన్నం తిని వచ్చేద్దాం," అన్నాను.

నేను తోలుతున్నాను, ఆమె నా పక్కన. కార్కార్ దాకా వెళ్ళాం. అక్కడి సంతలో మధ్యాహ్నం ఇసకేస్తే రాలనంత జనం. దారిలో చిన్న చిన్న మిట్టలకే ఇంజన్ రొప్పింది. వెనక సీటు కనబడే అద్దం నా ఎదురుగా ఉందని తెలుసు, అటు చూడలేదు. ఎవరో తలకు రాసుకున్న కొబ్బరి నూనె వాసన వచ్చింది. కిటికీ దించాను, పోలేదు. రోసెందా రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చుంది.

సంతలో కాల్చిన పంది మాంసం, కొబ్బరాకు బుట్టల్లో ఉడికిన అన్నం పెట్టించుకున్నాం. చుట్టూ కేకలు, కత్తుల చప్పుడు. వడ్డించే ఆవిడ బల్ల మీద మూడు గ్లాసులు పెట్టింది.

"ఇద్దరమేనమ్మా," అన్నాను.

"అవునా? ఆ అన్న మీతో రాలేదా?" అని ఒక గ్లాసు తీసేసింది. రోసెందా చేతిలో ముద్ద పక్కన పెట్టేసింది. నాకు మాత్రం ధైర్యం వచ్చింది. దిగాడన్నమాట.

చేతులు కడుక్కుని, వెనక్కి తిరగకుండా బయటికి నడిచాం. బండి నాలుగు చక్రాల మీదా సమంగా నిలబడి ఉంది. కుడివైపు ఊపి చూశాను. కోడిపిల్లలా ఎగిరింది. రోసెందా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వో ఏడుపో తెలియని చప్పుడు చేసింది.

ఇద్దరం ఎక్కాం, నేను తాళం తిప్పుతున్నాను. "ఒక్క నిమిషం మనాంగ్," అని ఆమె దిగి, ఎదురు కొట్టుకు పరిగెత్తి, వేయించిన పంది చర్మం పొట్లం ఒకటి కొనుక్కొచ్చింది. వెనక తలుపు తెరిచి సీటు మీద పెట్టింది. "జోవీకి ఇదంటే ప్రాణం," అంటూ వచ్చి నా పక్కన కూర్చుంది.

మా వాళ్ళెవరూ ఊరు వెళ్ళి వట్టి చేతులతో ఇల్లు చేరరు. ముష్టివాడైనా పిల్లల కోసం ఏదో ఒకటి పట్టుకెళ్తాడు. ఆమె చెయ్యి అలవాటు కొద్దీ చేసిన పని అది. నేనూ చూస్తూనే ఉన్నాను, ఆ పొట్లం అతన్ని మళ్ళీ ఇంటికి పిలుస్తుందని నాకూ తట్టలేదు.

నా వెనక స్ప్రింగు మెల్లిగా మూలిగింది. బండి కుడివైపుకు కుంగింది.

ఇద్దరం తిరిగి చూశాం. సీటు మీద పొట్లం దేనికీ ఆనకుండా నిటారుగా నిలబడి ఉంది. ఎవరో ఒళ్ళో పెట్టుకుని రెండు చేతులతో పట్టుకున్నట్టు.

రోసెందా అరవలేదు. దిగి, తలుపు మెల్లిగా వేసి, నా కిటికీ దగ్గరకు వచ్చింది.

"ఈ మనిషిని దించలేం మనాంగ్. దారి చివర జోవీ ఉన్నంతకాలం దిగడు. అసలు దారే లేని చోటికి పంపెయ్యండి."

"దేశం దాటిస్తే బండి మళ్ళీ రాదు చెల్లీ. మరి నీ తిండి?"

"బండి పోతే తిండి పోద్ది. పిల్ల పోతే ఆకలే పోద్ది."

ఆమె బస్సులో రేవుకు వెళ్ళింది. మధ్యలో ఇంకోచోట ఆగి, ఏమీ కొనకుండా, వట్టి చేతులతో ఇల్లు చేరింది. బండిని నేనొక్కదాన్నే వెనక్కి తోలుకొచ్చాను. ఆ పొట్లాన్ని ముట్టుకోలేదు.

పలావు దీవిలో ఒక హోటల్లో వంట చేసే, హిలారియో అనే ఇలోయిలో ఊరి మనిషి ఎప్పటి నుంచో నన్నొక కారు చూడమంటున్నాడు. ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పాను. దాచి అమ్మిన సరుకు ఎప్పుడూ తిరిగొస్తుంది. ఈ సరుకు తిరిగి రాకూడదు.

"వెనక సీటు ఖాళీ కాదు తమ్ముడూ. ఒక మనిషి ఉన్నాడు. చెడ్డవాడు కాదు. కూతురి దగ్గరకు వెళ్ళాలంటున్నాడు."

హిలారియో నవ్వాడు. "ఇక్కడ ఆదివారం పూట నాతో మాట్లాడే దిక్కు లేదు. రానీ మనాంగ్. అద్దె అడగను."

బండిని ఇనుప పెట్టెలో పెట్టి నాలుగు చక్రాలకూ పట్టీలు బిగించాం. పాసియో అలవాటుగా కేక వేశాడు. "ఖాళీయేనా మనాంగ్?" నేను ఎప్పుడూ "ఖాళీ" అని తిరిగి కేక వేస్తాను, అప్పుడు తలుపు మూస్తారు. ఆ రోజు ఏమీ అనలేదు. పాసియో నా మొహం చూసి, టోపీ తీసి, తలుపు మూశాడు.

ఓడ కదిలిన మధ్యాహ్నం జోవీ గడప మీద నుంచి లేచిందట. గౌను తనే విప్పి మడత పెట్టి, "నాన్న ఎందుకమ్మా వెనక్కి వెళ్ళిపోతున్నాడు?" అని అడిగిందట. ఆ తర్వాత నిద్రపోయింది, లేచి అన్నం తిన్నది. బండి అమ్మిన సొమ్ముతో రోసెందా పాత మూడు చక్రాల బండి కొన్నది. తమ్ముడు తోలుతున్నాడు.

అంతటితో తీరిపోయిందనుకున్నాను. వానాకాలం వెళ్ళాక హిలారియో ఫోన్ చేశాడు.

"బండి మంచిదే మనాంగ్. ఒకటే ఇబ్బంది. స్టీరింగు ఒక పక్కకి లాగుతోంది."

"చక్రాలు సరిచేయించు."

"రెండుసార్లు చేయించా. ఉత్తరానికి వెళ్తుంటే ఎడమకి లాగుతుంది. తిరిగొచ్చేటప్పుడు కుడికి లాగుతుంది. మెకానిక్కు నన్ను పిచ్చోడన్నాడు."

పలావు మాకు తూర్పున ఉందని, అక్కడి నుంచి మేము పడమట ఉన్నామని నాకు తెలుసు. ఏ దిక్కుకు వెళ్ళినా అది పడమటికే లాగుతోంది.

"పడమటి ఒడ్డున పడవల్ని నీళ్ళలోకి దించే వాలు ఉంది," అన్నాడు. "నిన్న అక్కడ ఆపి దిగాను. బ్రేకు వేసే ఉంది. అయినా మెల్లిగా నీళ్ళ వైపు జరిగింది. రాయి అడ్డం పెట్టాను." తర్వాత అసలు సంగతి చెప్పాడు. "మనాంగ్, నా ఒప్పందం అయిపోవచ్చింది. ఇంటికొచ్చేస్తున్నా. బండిని కూడా మీ ద్వారానే వెనక్కి పంపుకుందామని..."

"పంపను."

"డబ్బులిస్తాను కదా."

ఈ వ్యాపారంలో నేను కాదన్న సరుకు అదొక్కటే. "ఎంతిచ్చినా పంపను. వేరేవాళ్ళ చేతా పంపించకు. పాపకి ఏడేళ్ళు."

అతనికీ ఇలోయిలోలో పిల్లలున్నారు.

"సరే. నా తర్వాత వచ్చే వంటవాడికి సంగతి చెప్పి అప్పగిస్తా. కానీ ఈలోపు ఏం చెయ్యను? రాయి ఎన్నాళ్ళు ఆపుద్ది?"

బేరం కుదిర్చే మనిషిని నేను. ఇద్దరికీ నష్టం లేకుండా ఏమివ్వగలనా అని ఆలోచించాను.

"అక్కడ వేయించిన పంది చర్మం దొరుకుతుందా?"

"మన వాళ్ళ కొట్లో దొరుకుద్ది."

"ప్రతి ఆదివారం ఒక పొట్లం కొని వెనక సీట్లో పెట్టు. వచ్చేవాడికీ అదే చెప్పు."

"ఆయన తింటాడా?"

"తినడు. పాపకిద్దామని పట్టుకు కూర్చుంటాడు. అలా కూర్చున్నంతసేపు కదలడు."