ఖాళీ అని రాసిన వాలు

సువా నగరసభ స్థలాల సర్వే చేస్తూ తోరికా ఆ వాలు దగ్గరికి వచ్చేసరికి ఫోను మోగింది. కూతురి బడి నుంచి. "లిలియానాకి ముక్కులోంచి రక్తం..." అన్న మాట చెవిన పడ్డాక మిగతాది వినలేదు. పిల్ల మీద తెల్లగుడ్డ కప్పేసినట్టే కళ్ళకు కట్టింది. వాలు దిగి చూసి రాయాలి. దిగలేదు. రోడ్డు మీదినుంచే నిలువెత్తు గడ్డిని చూసి, కాగితంలో "ఖాళీ" అని రాసి పరుగెత్తింది.

బడిలో పిల్ల ముక్కులో దూది పెట్టుకుని బిస్కెట్టు తింటోంది.

ఆ గడ్డి సంగతి తోరికాకు తెలియనిదా? దొంగల కంట పడకుండా రోడ్డువైపు గడ్డి వదిలేసి, దాని వెనక కర్రపెండలం వేస్తారు. వాళ్ళమ్మా అలాగే వేసేది. రేపు వెళ్ళి దిద్దుదాంలే అనుకుంది. దిద్దలేదు.

రెండు నెలలకు, ఆ కాగితాన్ని నమ్మి మురుగుకాలువ తవ్వడానికి యంత్రాన్ని పంపారు. మంగళవారం తోట పైసగం పోయింది. మిగతా సగం గురువారం తవ్వుతారు. సాగులో ఉందని రాసుంటే పంట తీసేదాకా ఆగేవారు. తోట అకేనెతా అవ్వది.

బుధవారం పొద్దున తోరికా, నూరి కలుపుకుని తాగే యంగోనా వేళ్ళ కట్ట పట్టుకుని వెళ్ళి, అవ్వ గడపలో తలవంచుకుని కూర్చుంది. తప్పు చేసినవాళ్ళు అలా కట్టతో వస్తే కాదనకూడదని ఆచారం. చావు కబురుకీ అదే కట్ట.

"ఏమే, ఎవరైనా పోయారా?" అంది అవ్వ.

"లేదవ్వా. నీ తోట ఖాళీ అని రాసింది నేనే."

 అవ్వ కట్టను తాకి, అరచేతులు గిన్నెల్లా చేసి మూడుసార్లు చరిచింది. క్షమించినట్టే. తోరికా గుండె మాత్రం తేలికపడలేదు.

"లోపలికి రా, తిని పోదువుగాని."

పళ్ళెంలో యంత్రం పెరికిన దుంపలు, ఉడకబెట్టినవి. వేలంత లావు కూడా లేవు.

"ఇంకో నాలుగు నెలలాగితే నీ చేయంత అయ్యేవి. తిను, అంతా పీచేలే."

తోరికా చేతిలోని దుంపను పళ్ళెంలో పెట్టేసింది. "నన్ను తిట్టవ్వా."

"కట్ట తీసుకున్నాక తిట్టే హక్కెక్కడిది? నా దగ్గర నీ పనైపోయింది. ఆ కాగితం యంగోనా తాగదు కదే. దాని దగ్గరికి పో."

తోరికాది తాత్కాలికపు పని. పర్మనెంటు చేయమన్న సిఫారసు పై అధికారి హేమరాజు దగ్గరుంది. పని పోతుంది, పిల్ల బడి మానేస్తుంది, ఊళ్ళో అందరూ వేలెత్తి చూపిస్తారు... దారి పొడుగునా ఇవే. అయినా కాళ్ళు ఆఫీసువైపే నడిచాయి.

అంతా విని హేమరాజు నుదురు రుద్దుకున్నాడు. "టైపు చేసినవాళ్ళ పొరపాటని రాసేద్దామా? ఎవరడుగుతారు?"

ఒక్క క్షణం తోరికాకు ప్రాణం లేచి వచ్చినట్టయింది. అంతలోనే సిగ్గేసింది.

"వద్దు సార్. దిగి చూడలేదని రాయండి. నా పేరుతోనే."

"అది రాశాక నీ సిఫారసు పైకి పంపలేను తల్లీ."

"తెలుసు సార్. ముందా యంత్రం వాడికి ఫోను చెయ్యండి."

ఫోను చేశాడు. అవతలివాడు ఆపేస్తానన్నాడు.

"రేపు రాడు కదా? ఇంకోసారి అడగండి సార్" అంది తోరికా.