అమ్మ కథ దొరికిన చోటు

మా అమ్మ జన్మకు ఒకే ఒక్క కథ రాసింది. అది గ్రంథాలయం వార్షిక సంచికలో అచ్చయింది. ఇంట్లో దాచుకున్న సంచిక వానకు తడిసి పాడైంది. గ్రంథాలయంలో మిగిలిన ప్రతులు కట్టతో సహా మాయమయ్యాయి. పెద్ద లైబ్రేరియనే వాటిని పాత కాగితాల కొట్టుకు అమ్మేశారని అమ్మ ఇరవై ఏడేళ్లుగా ఆడిపోసుకుంటోంది. ఆయన ఎదురైతే ముఖం తిప్పుకుంటుంది.

నాన్న అదే గ్రంథాలయంలో బైండరు. ఈ ప్రస్తావన వస్తే చాలు, ఆయనకు ఎక్కడలేని పనులూ గుర్తొస్తాయి.

నేను అక్కడే పాత పుస్తకాలు స్కాన్ చేస్తాను, ఎక్కడున్నవాళ్లయినా కంప్యూటర్లో చదువుకునేలా. పాత పత్రికల సంపుటాలు పన్నెండు మాత్రం మొండికేశాయి. నాన్న బైండింగు ఎంత బిగువంటే, ఎంత తెరిచినా లోపలి అంచున అక్షరాలు సగమే కనిపిస్తాయి. పుస్తకాల వెన్ను విప్పక తప్పదని పెద్ద లైబ్రేరియన్ తేల్చేశారు.

"నా బైండింగు మీద కత్తి పెడితే ఊరుకోను!" నాన్న ఇంతెత్తున లేచాడు.

"స్కాన్ అయ్యాక మళ్లీ నువ్వే కుడుదువుగాని నాన్నా."

"కుట్టడం గురించి కాదే తల్లీ..." నాన్న తలుపు దగ్గరగా వేసొచ్చాడు. "వెన్ను గట్టిగా ఉండాలని లోపల కాగితం అతికిస్తాం కదా. అప్పట్లో మూల పడున్న కట్టొకటి కనబడింది. చిత్తనుకుని పట్టీలుగా కోసి వాడేశా. పన్నెండో పుస్తకం దగ్గర చూశా, మీ అమ్మ పేరు."

నాకు నవ్వు ఆగలేదు. ఆ వెంటనే ఒళ్లు మండింది.

"ఇన్నేళ్లూ ఆ పెద్దాయన్ని తిట్టిస్తూ కూర్చున్నావా?"

"రేపు చెబుదాం, రేపు చెబుదాం అనుకుంటూనే..."

వెన్నులు ఆయనే విప్పాడు. తడిగుడ్డ వేసి, జిగురు నాననిచ్చి, ఒక్కో పట్టీనీ ఊపిరి బిగబట్టి ఊడదీశాడు. నేను వాటిని స్కాన్ చేసి తెరమీద వరస కలిపాను. మూడు రోజులకు కథ మొత్తం వచ్చేసింది. నడుమ రెండు వాక్యాలు మాత్రం జిగురుకు చెరిగిపోయాయి.

అమ్మను పిలిపించాను. కళ్లజోడు రెండుసార్లు తుడుచుకుని చదవడం మొదలుపెట్టింది. చెరిగిన చోటికి రాగానే, ఆగకుండా ఆ రెండు వాక్యాలూ పైకే చెప్పేసింది.

"ఎక్కడ దొరికిందే?"

నాన్న తల వంచుకుని అంతా చెప్పాడు. అమ్మ లేచి, పెద్ద లైబ్రేరియన్ గదికి వెళ్లి, "తప్పయిపోయిందండీ, మిమ్మల్ని అనరాని మాటలన్నాను," అంది. ఆయన కంగారుపడిపోయి ఆమెకు కుర్చీ వేశారు. కూర్చోకుండానే తిరిగొచ్చింది.

"ఇన్నేళ్లూ ఆ పన్నెండు పుస్తకాల్నీ విడిపోకుండా నిలబెట్టింది నీ కథే," నాన్న గొణిగాడు.

"ఆ ముక్కేదో అప్పుడే అఘోరించొచ్చుగా!"

అమ్మ గొంతులో ఉన్నది కోపమే కానీ, పూర్తిగా కోపం కాదు. నేను వాతావరణం చల్లబరుద్దామని పని అందుకున్నాను. స్కాన్ చేసిన ప్రతిదానికీ వివరాలు నింపాలి. అందులో 'ఈ ప్రతి దొరికిన చోటు' అని ఒక గడి ఉంది.

"ఇక్కడేం రాయనమ్మా?"

"ఉన్నదున్నట్టు రాయి," అంది అమ్మ, నాన్న వైపు చూడకుండా. "బైండరు పేరు కూడా వెయ్యి. నా పేరు పక్కనే."