రాలిపోయిన కాలేయం ముక్క

స్వీడన్‌లో, ఉప్సాలాలోని మా ల్యాబ్‌లో ముప్ఫై ఒక్క ఏళ్లుగా కణజాలాన్ని పల్చటి పొరలుగా కోసేది నేనే. తప్పు చేసినవాళ్లు శుక్రవారం కాఫీకి కేకు చేసి తేవాలన్న నియమం పెట్టిందీ నేనే. ఇన్నేళ్లలో నేను ఒక్క కేకూ తేలేదు. ఆ గొప్ప చెప్పుకోవడం మాత్రం ఏనాడూ మానలేదు.

మా ల్యాబ్‌లో పీహెచ్‌డీ చేస్తున్న హెడ్విగ్ పరిశోధన ఒక జన్యువు మీద. కణంలోకి జింకును మోసుకెళ్లే ప్రోటీన్ దాని వల్లే తయారవుతుంది. దాని అసలు పేరు కారు నంబరులా ఉంటుంది కాబట్టి మేం మోతగాడు అంటాం. కిడ్నీ క్యాన్సర్‌లో మోతగాడు విపరీతంగా పెరుగుతాడని ఆమె సిద్ధాంత గ్రంథంలో నాలుగో అధ్యాయం చెబుతుంది. నాలుగేళ్లుగా వాడితోనే కాపురమనీ, పాపం మొగుడు నీల్స్‌కి సెలవుల్లో తప్ప దర్శనం లేదనీ ఏడిపించేదాన్ని.

ఆ గురువారం మధ్యాహ్నం పన్నెండుకు, ఇక్కడి ఆనవాయితీ ప్రకారం, ఆమె తన సిద్ధాంత గ్రంథాన్ని అందరి ముందూ యూనివర్సిటీ బోర్డుకు మేకుతో కొట్టాలి. ఆ తర్వాత మూడు వారాలకు పరీక్ష. పొద్దున తొమ్మిదికి మురిసిపోతూ వచ్చి, ఒక స్లైడు నా మైక్రోస్కోప్ కింద పెట్టి, మోతగాడు ఉన్నచోటే పట్టే రంగు క్యాన్సర్‌కి ఎంత చక్కగా పట్టిందో చూడమంది.

చూశాను. రంగు పట్టిన మాట నిజమే. కానీ దాని మధ్య రక్తాన్ని వడగట్టే గుండ్రటి ఉండలు తీరుగా ఉన్నాయి. క్యాన్సర్ గడ్డలో అవి ఉండవు. అది మంచి కిడ్నీ.

స్లైడు మీద కణజాలం ముక్కలు చిన్న చిన్న చుక్కల్లా వరసగా ఉంటాయి: ఎడమ సగం చుక్కలు క్యాన్సర్‌వి, కుడి సగం మంచి కిడ్నీవి. ఏది పైవైపో తెలియడానికి ఎడమ పైమూలన విడిగా ఒక కాలేయం ముక్క పెడతాం. పొరను నీళ్లలోంచి గాజు మీదికి తీసేటప్పుడు నేనే తలకిందులుగా తీశాను. ఆ సంగతి బయటపెట్టాల్సిన కాలేయం ముక్క కడిగేటప్పుడు రాలిపోయింది. రంగు కొలిచింది కంప్యూటరు. హెడ్విగ్ అంకెలు చూసింది గానీ చుక్కల వంక చూడలేదు.

నోరు మూసుకుంటే ఎవరికీ తెలియదు. భయం వేసింది, సిగ్గు కూడా. అయినా చెప్పేశాను.

ఆమె మొహంలో నెత్తురు చుక్క లేదు. తనూ మైక్రోస్కోప్‌లోకి వంగి చూసి అంది: "అయితే క్యాన్సర్‌లో వాడు పెరగట్లేదు. మాయమైపోతున్నాడు."

పుస్తకాలు అచ్చయిపోయాయి. ఆమె ప్రొఫెసర్ టోర్కెల్ మేకు కొట్టడం వాయిదా వేద్దామన్నాడు. హెడ్విగ్ ఒప్పుకోలేదు. ఒక కాగితం మీద నాలుగో అధ్యాయంలో క్యాన్సర్ అన్నచోట మంచి కిడ్నీ అనీ, మంచి కిడ్నీ అన్నచోట క్యాన్సర్ అనీ చదువుకోమని రాసింది. పుస్తకానికి ఒక మేకు, ఆ కాగితానికి ఒక మేకు కొట్టింది.

మర్నాడు నా జీవితంలో మొదటి కేకు పట్టుకెళ్లాను. ఎడమ పైమూలన ఒకే ఒక్క స్ట్రాబెర్రీ పెట్టాను. హెడ్విగ్ దాన్ని కాసేపు చూసి, తీసి నోట్లో వేసుకుంది.

"ఇప్పుడు ఏది పైవైపో చెప్పి కొయ్యి, గున్వోర్," అంది.