కాశీలో ఏం వదలాలి

దేశం చూసి రమ్మని మాకు డాక్టరమ్మ చెప్పింది. పొద్దునొక గోలీ, రాత్రొక గోలీ అని చెప్పే గొంతుతోనే చెప్పింది. మూడుసార్లు ఐవీఎఫ్ చేసినా నాకు కడుపు నిలవలేదు. మా ఎంబ్రియోలు, అంటే పిండాలు, ఇంకో రెండు వాళ్ళ దవాఖానలో గడ్డకట్టి ఉన్నాయి. జనవరిలో వాటిని లోపల పెడతారట. ఈలోపు ఎటైనా తిరిగొస్తే మనసు తేలికపడుతుందట, మనసు తేలికపడితే శరీరం కూడా మాట వింటుందట. లోకంలో జనం ఊళ్ళు చూడ్డానికి ప్రయాణం కడతారు. మేము నా గర్భసంచిని ఖుషీ చెయ్యడానికి కడుతున్నాం.

నా పేరు తిరుమల. మాది కాజీపేట డీజిల్ కాలనీ. మా ఆయన మధు లోకో పైలట్. తెలంగాణ ఎక్స్‌ప్రెస్‌ని కాజీపేటలో ఎక్కి బల్లార్ష దాకా నడిపి, అక్కడ ఇంకొకరికి అప్పజెప్పి దిగిపోతాడు. రన్నింగ్ రూములో ఇంత తిని పడుకుని, ఇటు వచ్చే బండి ఏదో పట్టుకొస్తాడు. బండి ఢిల్లీ పోతుంది, మధు బల్లార్ష దాకే పోతాడు. ఆ అవతల ఏముందో చూడాలని పెళ్ళయిన కొత్తలోనే నాతో అన్నాడు. రైల్వే పాసు ఉంది, లీవే దొరకదు. ఇప్పుడు డాక్టరమ్మ పేరు చెప్పి లీవు అడిగితే దొరికింది. అందుకని ఇంట్లో అందరికంటే సంబరం ఆయనకే.

పాసులో మా అత్తమ్మ పేరు కూడా ఉంది కాబట్టి ఆమె కూడా వస్తుంది. మొగుడూ పెళ్ళాల మనసు తేలిక కావడానికి అత్తను వెంటబెట్టుకుని పోవడం ఏ వైద్యమో నాకు తెలియదు. ఆమె పేరు సావిత్రి. మంచిది. అదే నాకు పెద్ద చిక్కు. గయ్యాళి అయితే ఎప్పుడో ఒకనాడు కొంగు దోపి కొట్లాడి, నాకు ఇక సూదులు వద్దు, దవాఖాన వద్దు అని తేల్చేసేదాన్ని. ఈమె నేను దవాఖాన బల్ల మీద పడుకున్న మూడుసార్లూ బయట బెంచీ మీద పచ్చి మంచినీళ్ళు ముట్టకుండా కూర్చుంది. అట్లాంటి మనిషితో ఏమని కొట్లాడతాం?

కిందటి జాతరకు మేడారం పోయి, ఇంట్లో ఊయల కడితే నా కోడలి ఎత్తు బంగారం ఇస్తానని సమ్మక్కకు మొక్కింది. బంగారం అంటే అక్కడ బెల్లం. అన్ని సూదులు పొడిపించుకున్నాక నేను ఎక్కిన బరువుకు ఆ మొక్కు తీర్చడం ఆమెకు భారమే. పుట్టేది పిల్లయితే అక్షర, పిల్లగాడయితే సాయికిరణ్ అని పేర్లు కూడా అనుకుంది. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అంటారు. ఆలినైతే నేనున్నాను, మిగతాదే లేదు.

నాకు కావలసింది ఒక్కటే. జనవరిలో ఆ బల్ల ఎక్కకూడదు. ఈ మాట మధుకు చెప్పలేదు, అత్తమ్మకు చెప్పలేదు, చెబుదామని నోరు తెరిస్తే ఉప్పు తక్కువైందా అని అడిగి మూసేదాన్ని. బాధ ఉండి కాదు. బాధ మొదటిసారి ఉండె, రెండోసారీ ఉండె. మూడోసారి నర్సమ్మ నెగెటివ్ అని ఫోన్ చేసినప్పుడు నేను చిక్కుడుకాయ ఈనెలు తీస్తున్నాను. సరేనమ్మా అని ఫోన్ పెట్టేసి మిగతా కాయలు కూడా తీసి, కూర వండి, అందరికీ పెట్టి నేనూ తిన్నాను. అప్పటినుంచి అట్లాగే ఉంది, పంటి డాక్టరు సూది వేశాక చెంప ఉన్నట్టు. కొరుక్కున్నా తెలియదు.

ఆ ఆదివారం సాయంత్రం మా ముందు గదిలో చాప మీద ఇండియా మ్యాపు పరిచాడు మధు. అది నేను బడిలో సోషల్ చెప్పినప్పటి మ్యాపు. ట్రీట్‌మెంటు మొదలయ్యాక బడి మానేశాను, మ్యాపు మాత్రం బీరువా మీద ఉండిపోయింది. మధు వేలు కాజీపేట నుంచి నిటారుగా పైకి పోయింది. భోపాల్‌లో దిగి సాంచీ, తర్వాత గ్వాలియర్ కోట, ఆగ్రా, ఢిల్లీ, తిరుగులో కాశీ. నీకు సాంచీ ముందు పెట్టిన అని నా మొహం చూశాడు పాపం.

ఒకప్పుడు ఆ మొహం వెలిగేదే. నేను కాకతీయ యూనివర్సిటీలో హిస్టరీ ఎమ్మే చేశాను. మన ఊరి కోటలో కాకతీయ తోరణం కింద నిలబడ్డప్పుడల్లా, ఇట్లాంటివే సాంచీలో ఇంకెన్ని వందల ఏళ్ళ ముందు నిలబెట్టారో, అవి ముట్టుకుంటే రాయి ఎట్లా ఉంటుందో అని పిచ్చిగా అనుకునేదాన్ని. పెళ్ళిచూపుల్లో మధు నీకేమిష్టమని అడిగితే రాళ్ళు అన్నానట, వాళ్ళ చుట్టాలు ఇప్పటికీ నవ్వుతారు. ఇప్పుడు సాంచీ అన్నా సంచీ అన్నా నాకు ఒకటే. బాగుంది అన్నాను. ఏది చెప్పినా బాగుంది అనడం అలవాటైపోయింది.

మధు గీసిన గీతను అత్తమ్మ వంకర తిప్పడం మొదలుపెట్టింది. ఏ ఊరి పేరు వచ్చినా అక్కడ పిల్లలనిచ్చే దేవుడెవరో ఆమెకు కావాలి. ఆగ్రా దాకా పోయి గోకులం పోకుండా ఎట్లా, అక్కడ బాలకృష్ణుని ఊయల ఊపితే తప్పకుండా ఫలం ఉంటుందట. గ్వాలియర్ కోటలో ఏముంది, గోడలే కదా అని దాన్ని తీసేయించింది. హుమాయూన్ సమాధి అని మధు అనగానే, కడుపు పండాలని పోతూ గోరీలు చూస్తారా అని కసిరింది. ఆ లెక్కన తాజ్‌మహల్ మాత్రం ఏంది అని మధు అడిగితే, అది వేరు, అందరూ ఫొటో దిగుతారు అంది. తల్లీకొడుకులు చాలాసేపు వాదులాడుకున్నారు. మధ్యలో బుట్టెడు సీతాఫలాలు పెట్టుకుని తింటూ నేను వింటున్నాను.

అప్పుడు పక్క క్వార్టర్ సుగుణక్క వచ్చింది. పోయిన ఏడాది మొగుడు రాయమల్లుతో కాశీ పోయొచ్చిన మనిషి. అప్పటినుంచి మా లైనులో ఎవరు ప్రయాణం అన్నా పూజారిలాగ ఆమె రావాల్సిందే. స్వెట్టర్లు కొనుక్కొమ్మంది, అక్కడి అన్నం మనం తినలేం, ఊరగాయ పెట్టుకొమ్మంది. ఆ తర్వాత అసలు సంగతి అడిగింది. కాశీలో ఏమేం వదులుతున్నారు?

కాశీకి పోతే ఇష్టమైనది ఏదో ఒకటి గంగలో వదిలి రావాలి. ఒక కాయో, ఒక పండో. వదిలిన తర్వాత జన్మలో మళ్ళీ దాన్ని ముట్టకూడదు. సుగుణక్క మామిడిపండు వదిలిందట. మామిడిపండంటే ఆమెకు ఎంత పిచ్చో కాలనీ అంతటికీ తెలుసు, మొన్న ఎండాకాలం పండ్ల బండి వస్తే తలుపు వేసుకుని లోపల కూర్చుందట. రాయమల్లు కాకరకాయ వదిలాడు. పుట్టిన దగ్గరనుంచి ఆయన కాకరకాయ తిన్న పాపాన పోలేదు. ఆ సంగతి చెప్తూ ఆమె ఇప్పుడు కూడా మొగుణ్ణి తిట్టింది.

"ఇష్టమైంది ఇడిస్తెనే ఇడిసినట్టు. ఇష్టం లేంది ఇడిస్తే గంగమ్మ లెక్కల ఏసుకుంటదా? గంత ఎడ్డిదా ఆమె?"

అత్తమ్మ కళ్ళనీళ్ళొచ్చేలా నవ్వింది. సుగుణక్క పాలవాడి కేక విని లేచిపోయింది. ఇక వీళ్ళిద్దరూ వదిలేవాటి మీద పడ్డారు. మధు జామకాయ అన్నాడు. ఉప్పూకారం అద్దుకుని రోజుకు రెండు తినే మనిషి, మాట అన్నాక కాస్త దిగులు పడ్డాడు కూడా. అత్తమ్మ వంకాయ అంది, మళ్ళీ వంకాయ లేకుండా బతుకేంది అని బెండకాయకు మారింది, అది రాయమల్లు దొంగబుద్ధి అని మధు ఒప్పుకోలేదు. ఆమె మళ్ళీ వంకాయకు వచ్చింది.

"మరి నీదేంది బిడ్డా?" అని నన్ను అడిగింది.

నేను ఆలోచించాను. నిజంగానే ఆలోచించాను. మామిడిపండు అనుకున్నాను, ఈ ఏడు తిన్నానో లేదో గుర్తు రాలేదు. చింతచిగురు అనుకున్నాను, తోటకూర అనుకున్నాను, బజారులో కూరగాయలన్నీ ఒక్కొక్కటీ పట్టుకుని చూసినట్టు చూశాను. ఏది ఉంటే ఎంత, లేకపోతే ఎంత అనిపించింది. సీతాఫలం అంటే నీకు పానం గదా అని అత్తమ్మే అందించింది. నా పళ్ళెం వైపు చూసుకున్నాను. గింజలు కుప్పగా ఉన్నాయి, తొక్కలు ఉన్నాయి. అవన్నీ నేనే తిన్నాను. తీపి ఒక్కటి కూడా నాకు తెలియలేదు.

అప్పుడు భయం వేసింది. ఇంత దేశం చుట్టి గంగ దాకా పోయి, వదలడానికి ఒక పండు కూడా లేని మనిషినా నేను? ఆ భయంలోనే నోరు జారింది.

"పిల్లలు గావాలన్న ఆశ ఇడుస్త" అన్నాను. "జనవరిల నేను బల్ల ఎక్క. ఇంక నాతోటి గాదు."

మధు వేలు ఆగ్రా మీద ఉండిపోయింది. ఆయన నా వైపు చూశాడు, వాళ్ళమ్మ వైపు చూశాడు, మళ్ళీ మ్యాపు చూశాడు. నేను మాత్రం అత్తమ్మనే చూస్తున్నాను. ఏడుస్తుందనుకున్నాను. శాపం పెడుతుందని కూడా అనుకున్నాను, పెడితే నాకు సులువయ్యేది. ఆమె నా పళ్ళెంలోని గింజలను వేలితో ఒక పక్కకు నెట్టి, ఇంకో పక్కకు నెట్టి, అప్పుడు అంది.

"నువ్వు ఇడిస్తే అది లెక్కకు రాదు బిడ్డా."

ఎందుకు రాదని అడిగాను.

"ఇష్టమున్నోళ్ళు ఇడువాలె. నీకు దాని మీద ఇష్టం ఎప్పుడో సచ్చిపోయింది. చిక్కుడుకాయలు ఒలుసుకుంట సరేనమ్మా అన్నవు సూడు, గా దినమే సచ్చింది. నేను దర్వాజ కాడ నిలవడి సూసిన. ఇంక మిగిలింది నా ఆశనే. నీ కడుపుల సూదులు పొడిపిస్తాంది గూడ గదే. అందుకే నేనిడుస్త. వంకాయ గాదు, గిదే ఇడుస్త."

అంత మాట ఆమె నోట వస్తుందని నేను కలలో కూడా అనుకోలేదు. నాకు కావలసింది ఒళ్ళో పడింది. ఇక బల్ల లేదు, సూదులు లేవు, బయట బెంచీ మీద ఆమె ఉపవాసాలు లేవు. సంతోషపడాలి కదా. నాకు కోపం వచ్చింది. కాళ్ళ నుంచి తల దాకా మంటలాగ వచ్చింది. నాకు ఇష్టం లేదని చెప్పడానికి ఈమె ఎవరు? మొదటిసారి రిపోర్టు రాకముందే హన్మకొండ చౌరస్తాలో చంటిపిల్లల ఉన్ని టోపీల ముందు నిలబడి, దిష్టి తగులుతుందని కొనకుండా వచ్చింది ఎవరు, ఈమెనా? పసుపుపచ్చదో ఎర్రదో తేల్చుకోలేక ఆ రాత్రంతా నిద్రపోనిది ఎవరు? ఆ పసుపుపచ్చ టోపీ కళ్ళముందుకు వచ్చింది, దాని కింద కట్టే దారాలతో సహా వచ్చింది. ఇన్ని నెలల తర్వాత నాకు నొప్పి తెలిసింది.

"ఉన్నది" అన్నాను. "సచ్చిపోలేదు అత్తమ్మా. నాకింకా ఇష్టమే ఉన్నది. శాన ఉన్నది."

ఆ మాట అన్నాక ఏడుపు ఆగలేదు. గట్టిగా, సిగ్గులేకుండా, ముక్కు కారేలా ఏడ్చాను. మధు లేచి రాబోతే అత్తమ్మ వద్దని సైగ చేసి, తనే మ్యాపు తొక్కుకుంటూ వచ్చి నా పక్కన కూర్చుంది. కొంగుతో నా మొహం తుడిచింది.

"మరి ఇడువగలవా?" అని అడిగింది.

నేను తల ఊపాను.

"అయితే నీది గూడ లెక్కకొస్తది బిడ్డా" అంది.

కాసేపు అయ్యాక మధు టికెట్లు చూడ్డానికి ఫోను తీశాడు. ముందు కాశీకి పోదామా, మిగతావన్నీ తర్వాత చూసుకుందామా అని అడిగాడు. ముందు కాశీకే చూడమన్నాను.