అందరూ చదివిన పేజీ

"సార్, రెండు రోజులు ఎండలో పెట్టినా పరుపు వాసన పోవట్లేదు, ఏం చేయమంటారు?" అని ఎవరో మెసేజీ పెట్టారు. ఉతికిన బట్టలు మడతపెడుతున్నదాన్ని ఆగి, ఒళ్ళో తువ్వాలు పక్కన పడేసి జవాబు కొట్టాను. స్పాంజి పరుపును ఎండలో పెట్టకండి, గాలి తగిలేచోట నిలబెట్టండి. ముందు వంట సోడా చల్లి నాలుగైదు గంటలు వదిలేసి, తర్వాత దులపండి. "థాంక్యూ సార్, దేవుడిలా చెప్పారు" అని వచ్చింది అవతలి నుంచి. ఆ సార్‌ని నేనే. ఆరేళ్ళుగా మా పరుపుల దుకాణం వెబ్‌సైట్‌లో సార్‌గా బతుకుతున్నాను.

దుకాణం మా మామగారు పెట్టింది, ఇప్పుడు మా ఆయన చూసుకుంటున్నారు. సైట్ మొదట ఎవరో కుర్చీలో కూర్చుని గంటలో చేసిచ్చారు. "నాణ్యతే మా నినాదం, నమ్మకమే మా పెట్టుబడి" అని పెద్ద అక్షరాలు, కింద ఫోన్ నంబరు. ఈ మాటలు పరుపులు అమ్మేవాళ్ళకీ సరిపోతాయి, పప్పులు అమ్మేవాళ్ళకీ సరిపోతాయి. ఏడాదిలో ఒక్కరు ఫోన్ చేశారు, అదీ రాంగ్ నంబరు. "ఇంట్లో ఖాళీగానే ఉంటావు కదా, నువ్వు చూడరాదూ" అన్నారు మా ఆయన. ఖాళీ ఎక్కడుందో ఆయన్నే చూపించమంటే సరిపోయేది. కానీ నాకూ సరదా పుట్టింది. ఆన్‌లైన్‌లో పాఠాలు విన్నాను, నోట్సు రాసుకున్నాను, జనం ఏం వెతుకుతున్నారో రోజూ చూశాను. ఎవరూ దుకాణం కోసం వెతకరని అప్పుడు తెలిసింది. తమ బాధ కోసం వెతుకుతారు. నడుం నొప్పి, పరుపు మధ్యలో గుంట, పక్క తడిపే పిల్లలు, మంచాన పడ్డ పెద్దవాళ్ళు. వాటికి జవాబులు రాస్తే వాళ్ళే దుకాణం దాకా నడిచొస్తారు.

మంచాన పడ్డ పెద్దవాళ్ళ సంగతి నాకు పాఠాల్లో నేర్పలేదు. మామగారు పక్షవాతం వచ్చి మూడేళ్ళు మంచంలో ఉన్నారు. పరుపు తడిస్తే రుద్దకూడదని, పొడిగుడ్డతో అద్దాలని, మనిషిని లేపకుండా ఒక పక్కకి తిప్పి సగం దుప్పటి మార్చి, ఇటు తిప్పి మిగతా సగం మార్చాలని ఆ గదిలోనే నేర్చుకున్నాను. ఆయన గోడవైపు చూస్తూ ఉండేవారు. "నీకు చాలా పని పెడుతున్నానమ్మా" అనేవారు, మాట సరిగ్గా పలకకపోయినా. మా ఆయన దుకాణం నుంచి వచ్చి గుమ్మంలో నిలబడి, జేబురుమాలు ముక్కుకి పెట్టుకుని, "ఎలా ఉంది నాన్నా?" అని అడిగి వెళ్ళిపోయేవారు. "నేను చూడలేను, నాది మెత్తని మనసు" అనేవారు నాతో. పరుపుల వ్యాపారం కదా, అనుకునేదాన్ని.

మామగారు పోయిన ఏడాదికి ఆ పేజీ రాశాను. ఒక్క ఊపులో, కుర్చీ దిగకుండా. మంచంలో ఉన్నవారి పరుపు శుభ్రంగా ఉంచడం ఎలా అని. అందులో ఒక పేరా ఇలా ఉండేది: "రోజుకి మూడోసారి దుప్పటి మార్చేటప్పుడు విసుగొస్తుంది. వస్తే మీరు చెడ్డవాళ్ళయిపోరు. పని ముగించి, చేతులు కడుక్కుని, పక్కగదిలో పది నిమిషాలు తలుపేసుకుని కూర్చోండి."

మా ఆయన చదివి బాగుందన్నారు. తర్వాత, "'మా మామగారు' ఏంటి, 'మా నాన్నగారు' అని పెట్టు. కొనేవాళ్ళకి ఒక మొహం కనపడాలని నువ్వే చెప్పావు కదా? దుకాణానికి మొహం నేను" అన్నారు. చెప్పినమాట నిజమే. "ఆ విసుగు పేరా కూడా తీసెయ్. దుకాణం సైట్‌లో ఏడుపులెందుకు?" అన్నారు. తీసేశాను. మామగారిని నాన్నగారిగా మార్చడానికి రెండు నిమిషాలు పట్టింది. పైన ఆయన ఫొటో, ఆయన పేరు. ఎవరు రాస్తే ఏం, పని జరుగుతోంది కదా అనుకున్నాను. ఆ అనుకోవడం నాకు చిన్నప్పటి నుంచీ అలవాటు.

ఆ పేజీ దుకాణాన్నే మార్చేసింది. ఎక్కడెక్కడి వాళ్ళో చదివారు, తడి పీల్చని కవర్లు ఆర్డరు చేశారు. "మీలాంటి కొడుకు అందరికీ ఉండాలి సార్" అని రాశారు. మొదట్లో అవి చదివి మా ఆయన ఇబ్బందిగా నవ్వేవారు. తర్వాత మామూలుగా నవ్వారు. తర్వాత నవ్వడం మానేసి తల పంకించడం మొదలుపెట్టారు.

వ్యాపారుల సంఘం వాళ్ళు ఆయన్ని సభకి పిలిచారు, చిన్న దుకాణాలు ఆన్‌లైన్‌లో ఎలా నిలబడాలో చెప్పమని. ప్రసంగం నేనే రాసిచ్చాను. కొనండి అని రాయకండి, అడిగినదానికి జవాబు రాయండి. మీకు స్వయంగా తెలిసిందే రాయండి. అలా రెండు కాగితాలు. సభకి ముందురోజు పొద్దున హాల్లో అద్దం ముందు నిలబడి చదువుకుంటున్నారు. నేను భోజనాల బల్ల దగ్గర లాప్‌టాప్ పెట్టుకుని మెసేజీలు చూస్తున్నాను.

"'నాన్నగారి పక్క మార్చిన ఈ చేతులతోనే ఆ పేజీ రాశాను.' ఇక్కడ కొంచెం ఆగితే బాగుంటుంది కదా?" అని అడిగారు.

ఆ వాక్యం నేను రాయలేదు. ఆయనే చేర్చుకున్నారు. తలెత్తి చూస్తే ఆయన కళ్ళు నిజంగానే చెమ్మగిల్లి ఉన్నాయి. నటన కాదు. నమ్మేశారు. నా మూడేళ్ళు నా కళ్ళముందే ఆయనవైపోయాయి. నాకు ఒళ్ళు మండింది. లాప్‌టాప్‌లోకి తల దించుకున్నాను. కొత్త మెసేజీ వచ్చి ఉంది.

"నమస్తే సార్. మీ పేజీని మా ఆడపడుచు మా ఇంటివాళ్ళ వాట్సాప్ గ్రూపులో పెట్టింది. మగవాడై ఉండి ఆయన మొహం చిట్లించకుండా మూడేళ్ళు చేశాడు, నీకేమొచ్చింది అని అందరి ముందూ అడిగింది. మా అత్తగారు మంచంలో పడి పదకొండు నెలలు. నిన్న దుప్పటి మారుస్తూ ఆవిడ మీద గట్టిగా అరిచాను సార్. అప్పటి నుంచీ నా మీద నాకే అసహ్యంగా ఉంది. విసుగు రాకుండా మీరెలా చేశారు? ఆ చిట్కా కూడా చెప్పండి."

రెండుసార్లు చదివాను. నా మాటలతో ఎక్కడో ఒక కోడలిని కొడుతున్నారు. నేను పోగొట్టుకున్నది పేరొక్కటే అనుకున్నాను ఇన్నాళ్ళూ.

మా ఆయనకి చదివి వినిపించాను. అద్దంలోంచే విన్నారు. "పాపం. ఓపిక పట్టమని రాయి. మన కవర్ లింకు కూడా పెట్టు" అన్నారు.

ఆ పేజీ తెరిచాను. ఫొటో తీసేశాను. నాన్నగారు ఉన్న ప్రతిచోటా మామగారు అని పెట్టాను. విసుగు గురించి మళ్ళీ రాశాను, ఈసారి ఒక్క పేరాతో సరిపెట్టలేదు. ఒకసారి కోపంలో బకెట్టు తన్నడం, నీళ్ళు గదంతా పారడం, మామగారు గోడవైపు తిరిగి ఏడవడం, అన్నీ రాశాను. చివరికి పైనున్న ఆయన పేరు కొట్టేసి నా పేరు పెట్టాను. ఆ సైట్‌లో నా పేరు ఎక్కడం అదే మొదటిసారి. అక్షరాలు సరిగ్గా పడ్డాయో లేదోనని మళ్ళీ చూసుకున్నాను.

మా ఆయన వెనకొచ్చి నిలబడి చదివారు. "ఇదేంటి? రేపు సభలో అందరూ ఫోన్లు తీసి చూస్తారు. నా మొహం ఎక్కడ పెట్టుకోను?"

"చేత్తో నొక్కి చూసి పరుపు ఎన్నేళ్ళు వస్తుందో చెప్పగలరు మీరు. అలా చెప్పగలిగేవాళ్ళు అక్కడ ఇంకెవరూ ఉండరు. ఆ సంగతి చెప్పండి. అది మీది."

"సరే, మార్చుకో, నేనేం వద్దనను. సభ అయ్యేదాకా ఆగు. ఒక్కరోజులో ఏం మునిగిపోతుంది?"

"ఆవిడ ఇవాళ సాయంత్రం కూడా దుప్పటి మార్చాలండీ" అని బటన్ నొక్కాను. ఆయన కాగితాలు బల్ల మీద పెట్టి లోపలికి వెళ్ళిపోయారు. నేను వెనకాల వెళ్ళలేదు.

మెసేజీకి జవాబు రాశాను. "ఆ పేజీ రాసింది సార్ కాదండీ. నేను రాశాను, ఆయన భార్యని, ఆ మంచంలో ఉన్నాయనకి కోడలిని. ఇప్పుడే మార్చాను, మళ్ళీ చదవండి. మీ ఇంటి గ్రూపులో కూడా పెట్టండి."

బట్టలన్నీ మడతపెట్టి అలమారలో సర్దుకుని వచ్చేసరికి ఒక్క ముక్క వచ్చి ఉంది.

"అక్కా, నిజంగా మీకూ విసుగొచ్చేదా?"

"రోజూ వచ్చేది" అని రాసి పంపాను.