పేరు చెప్పదగని అల్లిక

ప్రొక్లెయినర్ పళ్ళు కట్ట నడుములోకి దిగాయి. బీవర్లనే నీటి జంతువులు పళ్ళతో కొరికి తెచ్చి, కొమ్మ మీద కొమ్మ పేర్చి, బురద మెత్తి, రెండేళ్ళ పాటు కట్టుకున్న కట్ట రెండు ఊపుల్లో తెగిపోయింది. దాని వెనకున్న మడుగంతా మట్టి కలుపుకుని దొర్లుకుంటూ కిందికి పోయింది. నీళ్ళు పోయిన చోట బురదలో చేపపిల్లలు మెరుస్తూ కొట్టుకున్నాయి.

గట్టు మీద నిలబడ్డ పైయూట్ ఆదివాసీ ఆడవాళ్ళెవరూ కేకలు వెయ్యలేదు. బక్కెట్లు పట్టుకుని దిగారు. వెల్డా హూపర్ తను పనిచేసే బడి వంటగదిలోంచి చిక్కుళ్ళు కడిగే జల్లెడ కూడా తెచ్చింది. మోకాళ్ళ దాకా బురదలో కూరుకుని, గొంతు కింద ఎర్రగాటున్న చేపల్ని ఏరి బక్కెట్లో వేస్తోంది. ఆ వాగులోనే పుట్టిన ట్రౌట్ చేపలవి. పైయూట్‌ల భాషలో అగై అంటారు. చుట్టుపక్కల వాగుల్లో ఆ జాతి ఎప్పుడో పోయింది. ఆగస్టు ఎండకి కూడా వేడెక్కని లోతైన నీళ్ళు బీవర్ మడుగుల్లో ఉంటాయి కనక ఈ బాడ్జర్ వాగులో మాత్రం మిగిలింది.

పశువుల కంపెనీ మేనేజర్ కెటరింగ్ టోపీ తీసి పలకరించాడు. మర్యాదస్తుడే. అతని ట్రక్కులో మాత్రం చచ్చిన బీవర్లు వరసగా పడుకోబెట్టి ఉన్నాయి.

"చూడమ్మా వెల్డా, నాకూ కష్టంగానే ఉంది. కానీ ఈ నీళ్ళు మా గడ్డి పొలాలకి రావాలి. మా దగ్గర ప్రభుత్వమిచ్చిన కాగితం ఉంది."

"బీవర్లకి చూపించారా ఆ కాగితం?" అంది వెల్డా తలెత్తకుండా.

అతను నవ్వి వెళ్ళిపోయాడు. ఆ నవ్వే ఆమెకి నచ్చలేదు. కోపం వచ్చిన మనిషైతే ఏం చేస్తాడో ఊహించవచ్చు.

పై వాగు ప్రభుత్వ భూమిలో ఉంది. అక్కడ మేత హక్కు కంపెనీది. కంపెనీ ఆవులు గట్ల మీద విల్లో మొక్కన్నది మిగల్చకుండా మేశాయి. వేళ్ళు లేని గట్లు కూలాయి. వాగు అడుగు కోసుకుంటూ మనిషెత్తు గండిలోకి దిగిపోయింది. ఒకప్పుడు వరద పరుచుకునే పచ్చిక బయలు ఎండి తుప్పలు మొలిచింది. మంచు కరిగినప్పుడు నీళ్ళు ఒక్క పరుగున పోవడం, వేసవికి దిగువనున్న పైయూట్ కాలనీ వాళ్ళకి కంపుకొట్టే గుంటలు మిగలడం అలవాటైపోయింది. బీవర్లు వచ్చాకే నీళ్ళు మళ్ళీ నడక నేర్చుకున్నాయి. వేసవి చివర కంపెనీ పొలాలకి కూడా అందాయి. అయినా కట్ట తెంపారు. నీళ్ళు తగ్గాయని కాదు, తమని అడక్కుండా ఎవరో నీళ్ళని ఆపగలిగారని.

బక్కెట్లలో మోసుకెళ్ళిన చేపల్ని పైన మిగిలిన ఒకే ఒక్క చిన్న మడుగులో వదిలారు. ఆగస్టు వచ్చేలోగా కింద నీళ్ళు నిలవకపోతే ఆ మడుగూ ఎండుతుంది. అక్కడితో అగై కథ ముగుస్తుంది.

ఆ ఆదివారం కాలనీ హాలు నిండింది. కాఫీ, చిక్కుళ్ళు, నూనెలో వేయించిన రొట్టెలు బల్ల మీద చల్లారిపోతున్నాయి.

"అర్జీ పెడదాం" అన్నాడొకాయన.

"మా నాన్న పెట్టాడు అర్జీ" అన్నాడు వెల్డా తమ్ముడు లూథర్. బంగారు గనిలో సమ్మె చేసి ఉద్యోగం పోగొట్టుకున్నవాడు. "ఆయన పోయాడు. అర్జీ ఇంకా బతికే ఉంది."

అప్పుడు ఓవెన్ లేచాడు. చేపల లెక్కకోసం ప్రభుత్వం పంపిన కుర్రాఫీసరు. వాగులో గుంజలు పాతి, వాటి మధ్య విల్లో బరికెలు తడకలా అల్లి, బురద మెత్తితే చాలన్నాడు. పై లోయలో ఇంకా బీవర్లున్నాయి. కట్ట మొదలైన జాడ కనిపిస్తే దిగొచ్చి తక్కిన పని అవే చేసుకుంటాయి.

"దానికి అనుమతి కావాలా?" అనడిగింది వెల్డా.

"కావాలి. రెండేళ్ళు పట్టొచ్చు."

"చేపలకెంత గడువుంది?"

"ఈ ఆగస్టు."

వెనక కుర్చీలోంచి ఐడా అత్త గొంతు సవరించుకుంది. ఎనభై దాటిన మనిషి. కాలనీలో బుట్టలల్లే ఆడవాళ్ళందరికీ మొదటి బరికె చేతికిచ్చింది ఆవిడే.

"నీకు జీతమెవరిస్తారు బాబూ?"

"ప్రభుత్వమండీ."

"కంపెనీకి కాగితమిచ్చిందెవరు?"

"ప్రభుత్వమే."

"అయితే మీ ఇంట్లో రెండు పొయ్యిలున్నాయన్నమాట. ఏ పొయ్యి మీద ఎవర్ని వండుతున్నారో కనుక్కుని చెప్పు."

అందరూ నవ్వారు. ఓవెన్ చెవులు ఎర్రబడ్డాయి. కానీ అతను చెప్పిన పని మాత్రం వదల్లేదు. మర్నాటి నుంచే తెల్లారుతూనే గుంజలు పాతడం మొదలుపెట్టారు. మూడు తడకలు లేచాయి. కింద హూపర్లది, మధ్యలో స్నాప్‌లది, పైన ఐడా అత్తది. ఎవరి తడక వాళ్ళు అల్లుకున్నారు.

"మీ దాంట్లో కుక్క దూరుతుందే" అంది డార్లా స్నాప్.

"మీ దాంట్లో మీ ఆయన దూరతాడు" అంది వెల్డా.

కొన్నాళ్ళకి ఒక పొద్దున చూస్తే తడక మీద తాము వెయ్యని కొత్త బురద మెత్తి ఉంది. దాని మీద పళ్ళ గాట్లున్న కొమ్మలున్నాయి. అందరూ గొంతు తగ్గించి మాట్లాడుకున్నారు, నిద్రపోతున్న పసిబిడ్డ పక్కన మాట్లాడుకున్నట్టు. ఓవెన్ ఫోటోలు తీసుకున్నాడు.

పచ్చిక ఇంకా వేలెత్తు కూడా లేవలేదు, షెరీఫ్ ఆఫీసు పోలీసు, డిప్యూటీ రస్క్ వచ్చాడు. ఊళ్ళో ఎవర్నీ ఏమీ అడగలేదు. నేరుగా హూపర్ల ఇంటికి, తర్వాత స్నాప్‌ల ఇంటికి వెళ్ళాడు. అనుమతి లేకుండా వాగుకి అడ్డం కట్టారని లూథర్‌నీ డార్లానీ తీసుకుపోయాడు. అదే రోజు ప్రొక్లెయినర్ మూడు తడకల్నీ పీకేసింది. బీవర్లు పై మడుగుకి పారిపోయాయి. డార్లాని సాయంత్రానికి వదిలారు. లూథర్ మీద పాత సమ్మె కేసు తవ్వితీసి లోపలే ఉంచారు.

అంత సరిగ్గా ఎలా తెలిసింది? దుకాణంలో, పోస్టాఫీసులో, చర్చి మెట్ల మీద ఇదే మాట. కాఫీకి పిలిచిన వాళ్ళు కూడా కప్పు అందిస్తూ మొహంలోకి చూస్తున్నారు. ఎక్కువమంది ఓవెన్ పేరే చెప్పారు. వెల్డాకి మాత్రం ఇంకో సంగతి గుచ్చుకుంటోంది. పీకింది మూడు తడకల్ని. కేసు పెట్టింది రెంటి మీదే.

ఐడా ఇంటి ముందు కూర్చుని బరికె చివర పళ్ళతో పట్టుకుని నిలువునా మూడు పాయలుగా చీలుస్తోంది.

"అత్తా, నీ తడక మీద కేసెందుకు పెట్టలేదు?"

పాయ తెగిపోయింది. ఐడా దాన్ని పక్కన పడేసింది. "నాకేం తెలుసే."

"నీ బుట్టలు కొనే ఆ కెటరింగ్ పెళ్ళాం కొట్టుకి ఎప్పుడెళ్ళావు?"

"బుట్ట ఇవ్వడానికెళ్ళాను. ఇంకెక్కడ అమ్ముకోమంటావు, బీవర్లకా?" అని, ఇంకో బరికె తీసుకుంటూ అంది, "ఆవిడ ఫోన్లో మన తడకల బొమ్మలు చూపించింది. ఇంత చక్కటి అల్లిక ఎవరిదండీ అంది."

వెల్డా ఆ తెగిన పాయని చేతిలోకి తీసుకుంది. పైయూట్‌లలో అల్లిక కళ్ళబడ్డాక అల్లినవాళ్ళ పేరు చెప్పకుండా దాటిపోకూడదు. ఎదురొచ్చిన మనిషిని పలకరించకుండా పోయినంత తప్పు. దాని అర్థం ఒకటే, ఆ పని పేరు చెప్పదగింది కాదని.

"చెప్పావా?"

"హూపర్ల పిల్లదన్నాను. బరికె కిందనుంచి ఎక్కించి, కొస లోపలికి దాచావు, అచ్చం మీ అమ్మలాగే. నోరు మూసుకుంటే మీ అమ్మకి అవమానం కాదుటే? రెండోది డార్లాదన్నాను."

"మూడోది?"

"నా పేరు నేనెలా చెప్పుకుంటాను?"

నిజమే, ఎవరూ చెప్పుకోరు. అయినా వెల్డా మనసు కుదుటపడలేదు. ఇది అమాయకత్వమా, ఎవరైనా అడిగితే చెప్పడానికి సిద్ధం చేసుకున్న మాటా? ముప్ఫయ్యేళ్ళుగా చూస్తున్న మొహం ఆ పూట కొత్తగా ఉంది.

"రేపు హాల్లో ఓవెన్‌ని తరిమేస్తారు. చూస్తూ కూర్చుంటావా?"

"ఫోటోలు తీసింది వాడు కాదా?"

వెల్డా లేచి వెళ్ళిపోయింది.

మర్నాడు హాల్లో ఎవరూ కూర్చోలేదు. ఓవెన్ గోడకి ఆనుకుని నిలబడ్డాడు. "ఫోటోలు మా ఆఫీసుకి పంపాను. అది నా పని. అక్కణ్ణుంచి కంపెనీకి వెళ్ళాయి. ఎవరు పంపారో నాకు తెలీదు."

"తెలీదంట" అన్నాడెవరో. "వీడి బూట్లు ముందు బయట పెట్టండి, తర్వాత వీణ్ణి."

జనం ముందుకి కదిలారు. అప్పుడు ఐడా లేచింది. కొట్లో జరిగిందంతా చెప్పింది. ఏమీ దాచలేదు, ఏడవలేదు.

"నువ్వు బుట్టలమ్ముకోడానికి నేను లాకప్పులో కూచున్నానా ముసలీ?" అంది డార్లా.

"కెటరింగ్ పెళ్ళాం చూపించింది, మొగుడు పట్టించాడు. కలిసే వేశారు ఎత్తు" అన్నాడొకాయన.

"తెలిసే చెప్పిందేమో. ఎవరు చూడొచ్చారు?" అంది ఇంకొకావిడ.

గోల ముదిరింది. వెల్డా బల్ల మీద గరిటెతో కొట్టింది.

"సరే, అత్తని తరమండి. ఓవెన్‌ని తరమండి. తర్వాత మా ఇంటికి రండి, బడిలో కెటరింగ్ పిల్లలకి కూడా నేనే వడ్డిస్తున్నాను కదా. ఆఖరికి ఈ హాల్లో కాఫీ కెటిల్ మిగుల్తుంది. మనం వాగు మీద ఏం కట్టాం? హూపర్ల తడక, స్నాప్‌ల తడక, అత్త తడక. ఎవరి పెరటి కంచె వాళ్ళు కట్టుకున్నట్టు కట్టుకున్నాం. మనల్ని విడదియ్యడానికి వాళ్ళేం కష్టపళ్ళేదు. విడివిడిగా పళ్ళెంలో పెట్టి మనమే ఇచ్చాం."

"అయితే ఏం చెయ్యమంటావు?"

"మళ్ళీ కడదాం. ఒకటే కడదాం. ఒక్కొక్కళ్ళు ఒక బరికె ఒక గుంజ దాటించి పక్కవాళ్ళకి ఇవ్వాలి. ఎవరి చెయ్యో ఎవరికీ తెలీకూడదు."

"రాత్రిళ్ళా?"

"పట్టపగలు. షెరీఫ్ ఆఫీసుకి నేనే ఫోన్ చేసి చెప్తాను. దాచేదుంటేనే కదా అమ్మేవాడుండేది."

డార్లా ఐడా వైపు చూడకుండానే అంది, "చెయ్యి తెలుస్తుందో లేదో ఎవరు చూస్తారు?"

"ఎవరు గుర్తుపట్టి చెప్పారో వాళ్ళే" అంది వెల్డా.

శనివారం కాలనీ మొత్తం వాగులో దిగింది. కంపెనీ కాలవల మీద పనిచేసే మెక్సికన్ కూలీ ఎఫ్రాయిన్ భార్యతో సహా వచ్చాడు.

"నువ్వెవరి మనిషివి?" అన్నారు.

"కంపెనీ కూడా నన్నిదే అడుగుతుంది" అన్నాడతను. "కట్ట ఉన్నప్పుడు ఆగస్టులో నా కాలవలో నీళ్ళున్నాయి. నేనది చూశాను." అతనికీ ఒక బరికె ఇచ్చారు. ఒక కన్ను మాత్రం అతని మీదే ఉంచారు.

ఐడా గట్టు పొడుగునా కర్రతో నడుస్తూ పరీక్షించింది.

"ఇది డార్లా చెయ్యి. పీకెయ్."

"బాగుంది కదత్తా."

"బాగుంది కాబట్టే పీకెయ్."

డార్లా పళ్ళు కొరుక్కుంటూ పీకింది. వెల్డాకి కూడా వేళ్ళు మాట వినలేదు. కొస లోపలికి తోసెయ్యబోయి ఆగి, బయటికే వదిలేసింది. తల్లి చూస్తే ఏమంటుందో అనుకుంది. సిగ్గేసింది. అయినా బరికె పక్కకి అందించింది.

"ఇదెవరు అల్లారే? గాడిద తొక్కినట్టుంది" అంది ఐడా.

"నేనండీ" అన్నాడు ఓవెన్.

"దీన్ని కదపకండి. ఇలా ఉండాలి."

మధ్యాహ్నానికి బురద మెత్తారు. నీళ్ళు గండిలో ఒక్కో జాన ఎక్కి, పల్లపు గట్టు దాటి, ఎండిన బయలు మీదికి పాకడం మొదలుపెట్టాయి. అప్పుడు డిప్యూటీ రస్క్ కారు వచ్చింది. కట్టకి పైన బండ్లు వాగు దాటే రేవులోకి దిగినప్పుడు నీళ్ళు చక్రాల్లో పావు కూడా తడపలేదు.

వెంట ఎవర్నీ తెచ్చుకోలేదు. అతనికి కావలసిన సాక్షి అక్కడే ఉంది.

"ఐడా గారూ, మీరు చూస్తే చెప్పేస్తారట కదా. ఇది ఎవరి అల్లిక?"

నీళ్ళలో నిలబడ్డ జనం బిగుసుకుపోయారు. వెల్డా ఐడా పెదాల వైపే చూసింది. ఆవిడ అబద్ధం చెప్పడం ఎవరూ వినలేదు. ఇప్పుడు పేర్లు చెప్పదన్న నమ్మకమూ లేదు, చెబుతుందన్న నమ్మకమూ లేదు.

ఐడా కట్ట ఈ చివరనుంచి ఆ చివరకి నడిచింది. అక్కడక్కడా వంగింది. తాపీగా తిరిగొచ్చింది.

"నా జన్మలో ఇంత దరిద్రమైన అల్లిక చూళ్ళేదయ్యా. దీనికి చెప్పదగిన పేరు లేదు."

అంతకంటే పెద్ద తిట్టు వాళ్ళ భాషలో లేదు. ముందు డార్లా నవ్వింది. ఆ నవ్వు వరస పొడుగునా పాకింది. ఇంత తిట్టు తిన్నందుకు తమ వాళ్ళు ఇంత గర్వపడగా వెల్డా ఎన్నడూ చూడలేదు.

రస్క్ మొహం మాడింది. "చట్టానికి అడ్డు తగులుతున్నారు. ఎక్కండి కారు."

"నన్ను కూడా" అంది వెల్డా. "ఫోన్ చేసింది నేనే."

ఇద్దర్నీ వెనక కూర్చోబెట్టాడు. కారు రేవు దగ్గరికి వచ్చింది. రేవు లేదు. ఉన్నచోట నీళ్ళే ఉన్నాయి. రస్క్ దిగమింగుకుని ముందుకే పోనిచ్చాడు. సగం దూరంలో చక్రాలు బురదలో తిరిగి తిరిగి, ఇంకా లోతుకి దిగాయి.

అతను తలుపు తీశాడు. నీళ్ళు వచ్చి బూట్ల మీద పడ్డాయి. "ఎవరైనా వచ్చి తొయ్యండి."

ఎవరూ కదల్లేదు.

"ఏయ్ ఎఫ్రాయిన్, కంపెనీ ట్రాక్టర్ నడిపేది నువ్వే కదా? వెళ్ళి తీసుకురా."

"శనివారం నాకు సెలవు" అన్నాడు ఎఫ్రాయిన్.

అప్పుడు ఓవెన్ కదిలాడు. ప్రభుత్వ చొక్కా తొడుక్కుని, నీళ్ళు తోసుకుంటూ కారు వైపే వస్తున్నాడు. రెండో పొయ్యి, అనుకుంది వెల్డా. అతను కారు పక్కకి వచ్చాడు. వంగాడు. చక్రం పక్కన లేచిన బురదని బక్కెట్లోకి రెండు చేతులా ఎత్తి, కట్ట వైపు తిరిగి వెళ్ళిపోయాడు.

రస్క్ వెనక తలుపు కూడా తియ్యక తప్పలేదు. సీటు తడుస్తోంది. ఐడా కాళ్ళు పైకి పెట్టుకుని, తల బయటికి చాచింది.

"ఒసేయ్ డార్లా. కట్ట ఎడమ చివర కారుతోంది, చూసుకో."

డార్లా చూసింది. పక్కనున్న వాళ్ళు కూడా చూశారు. అందరూ ఒకేసారి అటు వంగారు.